పది దినముల సేవాయాత్ర

యాత్ర యను మాట తెలుగువానికి క్రొత్తది కాదు. కాశికి పోయి వచ్చినవానికి ఊరివారు ఎదురేగి మేళతాళములతో తోడ్కొని వచ్చుట మన తాతల కాలమున నున్న ఆచారమే. 1830లో చెన్నపట్నమునుండి బయలుదేరి పదునైదు మాసములు దేశమంతయు తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య, దేవుని చూడబోయి దేశమును కూడ చూచి వచ్చెను. ఆయన వ్రాసికొన్న దినచర్య 1838లో కాశీయాత్రచరిత్రయై అచ్చుపడినది. మన యాత్రలో భక్తి కలదు, దేశదర్శనము కలదు, దారిపొడుగున అన్నదానము కలదు. కాని పరాయి ఊరికి పోయి, అచ్చటివారికి గోడలు కట్టి, పిల్లలకు పాఠములు చెప్పి, అదియే దేవుని కొలువని తలచి తిరిగివచ్చు యాత్ర మాత్రము మనకు చాలవరకు పడమటినుండి వచ్చినది.

అమెరికాలోని లూథరన్ సంఘములలో ఈ యాత్ర నేడొక వ్రతము వంటిది. బడి చదువు ముగియని బాలబాలికలు సంవత్సరము పొడుగున చందాలు ప్రోగుచేసికొని, వేసవి సెలవులలో పెద్దల నిద్దరు ముగ్గురను వెంటబెట్టుకొని బయలుదేరుదురు. 2005లో కత్రినా తుపాను ముంచివేసిన న్యూ ఆర్లియన్సు నగరమునకు 2009లో ఆ సంఘముల యువజనులు ముప్పదివేలకు పైగా వచ్చి, ప్రార్థనసభలు జరుపుకొనుటయే గాక నగరమున శ్రమదానము కూడ చేసిరి. మూడేండ్ల పిదప, 2012లో, మరల ఆ నగరమునకే వచ్చిరి. ఆ రెండవ రాక నాకు మొదటిదానికంటె గొప్పగా తోచును. ఆపద క్రొత్తగా నున్నప్పుడు ఎవరైనను వత్తురు.

అట్టి బృంద మొకటి సముద్రములు దాటి వరంగల్లునకు వచ్చినదనుకొందము. పదునైదుగురు పిల్లలు, పది దినముల గడువు, తెలుగు ఒక్క ముక్క రాదు. వచ్చి, "మేమేమి చేయవలెను?" అని అడుగుదురు. పేటలో ఇంగ్లీషు తెలిసినవాడు గనుక ఆ ప్రశ్న తరచుగా బడిపంతులు ముందరికే వచ్చును. ఆయన యేమి చెప్పవలెను? ఈ జవాబు మీద, ఆ పదునైదుగురి సంతోషము సంగతి యటుండనిండు, మన పిల్లల క్షేమము కూడ ఆధారపడి యున్నది. కనుక వెనుకటివారు ఈ నేలకు సేవకై వచ్చి ఏమి చేసిరో కొంచెము చూచి మరి చెప్పుట మంచిది.

తెలుగునాట లూథరన్ సంఘమునకు మూలపురుషుడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1793లో జర్మనీలో పుట్టి, చిన్ననాటనే అమెరికా చేరినవాడు. 1842 జూలై 31వ తేదీన గుంటూరులో అడుగుపెట్టునప్పటికి ఆయనకు నలుబదితొమ్మిదేండ్లు. యువకుడు కాడు, ఐనను యువకులు నేర్చుకొనదగిన పని యొకటి చేసెను. మూడేండ్లకు పైగా ఆ సీమలో మసలి, ఈ ప్రజలకు వైద్యము కావలెనని కనిపెట్టెను. స్వదేశమునకు మరలిపోయినప్పుడు బాల్టిమోరులో వైద్యవిద్య చదివి, పట్టము పుచ్చుకొని, 1848లో తిరిగి వచ్చెను. ఏబదియేండ్లు దాటినవాడు కుర్రవాండ్ర నడుమ బల్లమీద కూర్చుండి శరీరశాస్త్రము వల్లెవేయుచున్న దృశ్యమును మన విద్యార్థులు ఒక్కమారు మనస్సున ఊహించుకొందురుగాక! పిదప పల్నాటికి పోయి గురజాల ప్రాంతమున పనిచేసెను. 1869లో, రాజమహేంద్రవరమందలి సంఘపు పని వేరొకరి చేతులలోనికి పోనున్నదని విని, డెబ్బదియారేండ్ల వయస్సున మూడవమారు ఓడ యెక్కెను. తెచ్చినదానిని ఇచ్చిపోవుట ఒక పద్ధతి. ఏమి కావలెనో చూచి, పోయి, నేర్చుకొని వచ్చుట వేరొక పద్ధతి. హయ్యరు ఈ రెండవ తెగకు చెందినవాడు.

ఆయన పిమ్మట వచ్చినవారిలో అన్నా కుగ్లర్ అను వైద్యురాలు 1883 మొదలు 1930లో కన్నుమూయువరకు గుంటూరును ఆశ్రయించుకొని యుండెను. ఆ సంఘము పెట్టిన బడులు ఎందరికో మొదటి అక్షరములు నేర్పినవి. గుఱ్ఱము జాషువ కవి కొన్నియేండ్లు గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయమున పనిచేసెను. అట్లని సంఘములలో అంతయు సవ్యముగనే నడచినదని చెప్పరాదు. హిందూపురాణ విషయములమీద పద్యములు వ్రాసెనని ఆ మహాకవిని క్రైస్తవపెద్దలు కొందరు దూరము పెట్టిరి. సేవకు వచ్చినవాడు ఎదుటివాని పాటను కూడ వినగలిగి యుండవలెను. ఆ సహనము అందరికి అబ్బలేదు.

లూథరన్ల నెలవు గుంటూరు, గోదావరి సీమలు. వరంగల్లు వారి పాలికి రాలేదు. మిషన్ సంఘములు సీమలు పంచుకొని పనిచేసిన ఆ కాలమున హనుమకొండలో అమెరికా బాప్టిస్టులు, మెదకులో ఇంగ్లాండు వెస్లియనులు నిలిచిరి. కాని నాటి వరంగల్లు ప్రాంతముననే, నేడు మహబూబాబాదు జిల్లాలో చేరిన డోర్నకల్లునకు వచ్చినవారు మాత్రము తెల్లవారు కారు. వారు తిరునెల్వేలి తమిళులు. మన ప్రశ్నకు దగ్గరి జవాబు అచ్చట దొరకునని నా నమ్మకము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అను పల్లెలో పుట్టెను. ఇరువదియొకటవ ఏట క్రైస్తవ యువజన సంఘమునకు, అనగా వై.ఎం.సి.ఏ.కు, కార్యదర్శి యయ్యెను. ఆ పనిమీద 1902లో జాఫ్నాకు పోయెను. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమవారినే దూరదేశమునకు సేవకు పంపుచుండుట చూచి ఆయనకు సిగ్గు కలిగినదట. మన సంఘములు ఎంతకాలము పరదేశపు చేతివైపు చూచుచుండును? ఈ తలపుతో ఇంటికి వచ్చి, మిత్రులను కూడగట్టి, 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని నెలకొల్పెను. ఒక యువజన యాత్ర ఇంతటి ఫలము నిచ్చుట అరుదు. గమనింపదగినదేమన, జాఫ్నాలో ఆయన ఎవ్వరికిని ఏ ఉపకారమును చేయలేదు; చూచి వచ్చెను, అంతే.

ఆ సొసైటీవారు తమ పనికి ఎన్నుకొన్నచోటు నిజాం రాజ్యములోని డోర్నకల్లు ప్రాంతము. తమిళునకు తెలుగుదేశము పరదేశమే. తిండి వేరు, భాష వేరు, దొర వేరు. మొదట ఇతరులను పంపిన అజరయ్యకు, తాను పోక ఇతరులను పొమ్మనుట న్యాయము కాదని తోచెను. యువజన సంఘములో పెరుగుచున్న పేరును, పదవిని విడిచి, గురుపట్టము పొంది, 1909లో డోర్నకల్లు చేరెను. అప్పటికాయనకు ముప్పదియైదేండ్లు, ఆ వయస్సున తెలుగు ఓనమాలు దిద్దెను. ఆయన పని ఎక్కువగా మాలమాదిగ పల్లెలలో జరిగినది. ఆ పల్లెలలో బడి యనునది అంతకుముందు ఎరుగని వస్తువు. 1912 డిసెంబరులో ఆయన డోర్నకల్లు బిషప్పు అయ్యెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. కొన్నియేండ్లకు ఆ బిషప్పుక్రింద పల్లె ఉపాధ్యాయులే రెండువేలకు పైబడిరి. ఈ రెండువేలమందిలో ఒక్కరి పేరైనను చరిత్రపుస్తకములలో కనబడదు. ఉపాధ్యాయులైన పాఠకులకు ఇది ఆశ్చర్యము కలిగింపదు.

డోర్నకల్లు వచ్చిన మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లాండులోని ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. పాశ్చాత్యులు నిండిన ఆ సభలో అజరయ్య లేచి, మీరు మాకు ధనమిచ్చితిరి, దేహములను సైతము ధారపోసితిరి, కాని మాతో సమముగా కూర్చుండి స్నేహము చేయుట మీకు చేతకాలేదు, మాకు కావలసినది స్నేహితులు, అను భావము వచ్చునట్లు మాటలాడెను. సభలో కొందరికి కోపము వచ్చినది. కోపము వచ్చుటయే మాట తగిలినదనుటకు గుర్తు. నూరేండ్లు దాటినను ఆ మాట ఇంకను తగులుచునే యున్నది.

అట్లు పలికిన అజరయ్య పని కూడ విమర్శకు లోనుగాక పోలేదు. సేవ చాటున మతము మార్పించుట న్యాయము కాదని గాంధీజీ 1930-40 నడుమ హరిజన్ పత్రికలో పలుమారులు వ్రాసెను. తమ నమ్మకమును ఇతరులకు చెప్పుకొను స్వేచ్ఛ తమకు కలదని క్రైస్తవులు వాదించిరి. ఆ వాదము నేటికిని తెగలేదు. తెంచుట ఈ వ్యాసకర్త పని కాదు. ఒక్కమాట మాత్రము చెప్పవచ్చును. బలపములు, పలకలు పంచిపెట్టుచున్న చేతిముందు నిలిచిన పిల్లవానికి కాదను స్వేచ్ఛ లేదు. పెద్దవారి నడుమ వాదము జరుగవచ్చును గాని, బడిపిల్లలను దానిలోనికి దింపరాదు.

మతమును ప్రక్కకు పెట్టి సేవ చేసినవారికి మాత్రము చిక్కులు తప్పినవా? పియరీ సెరెసోల్ అను స్విట్జర్లాండు దేశీయుడు 1920లో, మొదటి ప్రపంచయుద్ధమున నేలమట్టమైన వెర్డూన్ సమీప గ్రామమొకదానిలో, పలుదేశముల యువకులను చేర్చి ఇండ్లు కట్టింపబూనెను. వారిలో జర్మనులును కలరు. నిన్నటి శత్రువుల చేతిసాయము అచ్చటివారికి సహింపరానిదై పని నడుమనే ఆగిపోయినది. ఇల్లు కావలసినవాడు కూడ ఎవరిచేత కట్టించుకొనవలెనో తానే నిర్ణయించుకొనును. అది వాని హక్కు. సెరెసోలు ఆ పాఠమును మరువలేదు. 1934లో బీహారు భూకంపము వచ్చినప్పుడు మన దేశమునకు వచ్చి, గ్రామస్థులతో కలిసి ఇండ్లు కట్టుచు కొన్నియేండ్లు పనిచేసెను.

ఇక మన పదునైదుగురి మాట. గోడ కట్టుదుమని వారందురు. వరంగల్లులో తాపీ మేస్త్రీలకు కొదువ లేదు. తాపీ పట్టెరుగని చేతులు కట్టిన గోడ వంకరపోయినచో, వారు విమానమెక్కిన మరునాడు మేస్త్రీ వచ్చి మరల కట్టవలెను. ఒక్కరి విమానపు చార్జీతో ఎన్ని దినముల కూలి ఇయ్యవచ్చునో లెక్కల పంతులు నల్లబల్లమీద వేసి చూపవచ్చును. ఈ లెక్కను వచ్చినవారిచేతనే వేయించుట మరింత మేలు.

అనాథాలయమునకు పోవుదుమని కూడ అందురు. ఇచ్చట ఉపాధ్యాయుడు నిర్మొగమాటముగా వద్దనవలెను. అనాథాలయములలోని పిల్లలలో పెక్కుమందికి తల్లియో తండ్రియో బ్రతికియే యుందురని పలుదేశములలో తేలిన విషయము. పేదరికమే వారిని అచ్చటికి చేర్చును. చూచి చందాలిచ్చు అతిథులున్నచోట పిల్లలను చేర్చుకొనువారును పెరుగుదురు. మన దేశపు 2015 నాటి బాలన్యాయ చట్టము, పిల్లవానిని సంస్థలో నుంచుట చిట్టచివరి మార్గమనియు, అట్టి సంస్థలన్నియు ప్రభుత్వమువద్ద నమోదు కావలెననియు చెప్పుచున్నది. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక దాస్యమును గూర్చి చట్టము చేయు సందర్భమున, అనాథాలయముల పేర పిల్లలను తరలించుట కూడ దాస్యమేయని గుర్తించినది. చట్టముల మాట అటుంచుడు. పది దినములు ఒడిలో కూర్చుండబెట్టుకొని పదునొకండవనాడు చేయి ఊపి పోయిన అక్క మరల రాదు. మరుసటి వేసవికి వేరొక అక్క వచ్చును. ప్రతి వేసవికిని విడిపోవుట నేర్చుకొనుచున్న పిల్లకు దీనివలన కలుగు మేలేమి?

మరి వారినేమి చేయుమని చెప్పవలెను? నేర్చుకొనుమని చెప్పవలెను. కొత్తవాడలో జంపఖానాలు నేయు మగ్గములకడ ఒక దినము కూర్చుండబెట్టవలెను. నేతగాని కాలిపని, చేతిపని ఎట్లు కలియునో చూచి, తామును ఒక్క గజము నేయజూచినచో, ఎవరు ఎవరికి సాయము చేయదగుదురో తెలియును. మన పదవ తరగతి విద్యార్థులతో జతపరచి, వీరు వారికి తెలుగును, వారు వీరికి ఇంగ్లీషును నేర్పికొనునట్లు చేయవలెను. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు సమముగా నుండును. ఎవరి ఇంటనైనను భోజనమునకు పిలిచినచో, నేలమీద కూర్చుండి తిని, ఆకు తామే తీయవలెను. తరువాత ఉత్తరములు వ్రాయుదురా, మరల వత్తురా యనునది ముందుముందు తెలియును.

ఈ హితవు విదేశీయులకు మాత్రమే కాదు. 1969 సెప్టెంబరు 24న ముప్పదియేడు విశ్వవిద్యాలయములలో మొదలైన జాతీయ సేవాపథకము క్రింద మన విద్యార్థులును ఏడేసి దినముల శిబిరములకు పల్లెలకు పోవుచునే యున్నారు. వరంగల్లునుండి ములుగు, ఏటూరునాగారము అడవిపల్లెలకు పోయిన విద్యార్థి, కోయవారి ముంగిట నిలిచి తెలుగులో పరిశుభ్రతను గూర్చి ఉపన్యసించునప్పుడు, అమెరికానుండి వచ్చిన పిల్లవానికిని వానికిని భేదమేమి? కోయభాషలో నీళ్ల నేమందురో తెలిసికొని పోయిన శిబిరములెన్ని? ప్రతి కళాశాలయు ఈ ప్రశ్నను తన్ను తాను వేసికొనవచ్చును.

పదవనాడు, పోవుటకు ముందు, ఆ పదునైదుగురిని డోర్నకల్లునకు తీసికొనిపోవలెనని నా కోరిక. కాజీపేటలో రైలెక్కినచో విజయవాడ దారిలో మహబూబాబాదు దాటిన పిదప ఆ జంక్షను వచ్చును. అజరయ్య కట్టించిన దేవాలయమచ్చట కలదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగినది. స్తంభములు మన గుడి మండపములను, గుమ్మటములు మసీదులను తలపునకు తెచ్చును; లోపల సిలువ. ఐరోపా గోపురమును దింపుకొనక, ఈ నేలమీద ఉన్నదానిని చూచి కట్టిన కట్టడమది. తిరునెల్వేలినుండి వచ్చినవాడు తిరునెల్వేలికి మరలిపోలేదు. 1945 జనవరి 1న డోర్నకల్లులోనే కన్నుమూసెను. సమాధి ఆ ఆవరణముననే యున్నది.