స్క్విడ్, వార్నిష్‌ల స్పర్ధ

కంప్యూటరు తరగతిలో ఒక విద్యార్థిని వేసిన ప్రశ్న నాకు మిక్కిలి నచ్చినది: "నిన్నటి వ్యాసంలో ఒక్క అక్షరం కూడా మారలేదు కదండీ, మరి చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరి కోసం సర్వర్ ఆ పేజీని మొదటినుంచీ ఎందుకు తయారుచేయాలి సార్?"

వర్డ్‌ప్రెస్, డ్రూపల్ వంటి కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టములపై నిర్మితమైన వెబ్‌సైట్ల మాంద్యమునకు ముఖ్యకారణ మీ ప్రశ్నయందే కలదు. పాఠకు డొకడు పేజీని కోరగానే పీహెచ్‌పీ ప్రోగ్రాము మేల్కొని, డేటాబేసును పలుమారులు ప్రశ్నించి, శీర్షికను, వ్యాసమును, మెనూను వేఱువేఱుగా తెచ్చి, వాని నన్నిటిని ఒక్క పుటగా కూర్చి పంపి, పంపిన మఱుక్షణమున దాని నంతటిని మఱచిపోవును. ఈ మఱపునకు విరుగుడే క్యాష్: ఒకమారు కూర్చిన పుటను స్మృతిలో నిలిపి, తరువాత వచ్చినవారి కదియే అందించుట. చెప్పుటకిది సులభమే, కాని ఆ స్మృతి నెవరు పాలింపవలెనను విషయమున ఒక రసవత్తరమైన వివాదము నడచినది.

నార్వే దేశపు వార్తాపత్రిక వెర్డెన్స్ గాంగ్ తన వెబ్‌సైటునకు ముందు కాపుగా స్క్విడ్ అను క్యాష్ ప్రోగ్రామును నడుపుచుండెడిది. స్క్విడ్ 1990ల నాటి పరిశోధనలనుండి పుట్టినది. ఒక సంస్థలోని పాఠకులు కోరు నానావిధ సైట్ల పుటలను వారి చెంతనే దాచుట దాని ప్రథమోద్దేశము. దానిని త్రిప్పి ఒకే సైటునకు ద్వారపాలకునిగా నిలుపుటతో తృప్తి చెందక, ఆ పత్రికవారు క్రొత్త ప్రోగ్రామును వ్రాయు పనిని పౌల్ హెన్నింగ్ కాంప్ అను డెన్మార్కు దేశీయునకు అప్పగించిరి. ఆయన ఫ్రీబీఎస్‌డీ అను ఆపరేటింగ్ సిస్టము యొక్క మూలభాగమైన కెర్నెలును వ్రాసినవారిలో ఒకడు గనుక, స్క్విడ్‌లో ఇతరుల కంటబడని దోష మాయన కంటబడినది.

ఆ దోష మెట్టిదనగా: ర్యామ్ చాలనప్పుడు, చిరకాలముగా ఎవ్వరును తాకని భాగములను కెర్నెల్ తనంత తానే డిస్కునకు తరలించి, ఎవరైన తాకిన క్షణమున మరల తెచ్చి నిలుపును, ఈ రాకపోకలు ప్రోగ్రామునకు తెలియవు. స్క్విడ్ అయితే ఏది ర్యామ్‌లో నుండవలెనో, ఏది డిస్కునకు పోవలెనో తానే నిర్ణయించుకొనును. ఇంటిపెద్ద అదివరకే అటకపై పెట్టించిన గంగాళమును, ఆ సంగతి తెలియని చిన్నవాడు క్రిందికి దింపించి, మరల తన పూనికగా అటకపైకే ఎక్కించినట్లు, కెర్నెల్ డిస్కునకు పంపిన పుటను స్క్విడ్ డిస్కునకు పంపదలచినప్పుడు, అది మొదట ర్యామ్‌లోనికి రావలెను, దానికి చోటిచ్చుటకు వేఱొకటి వెడలవలెను, పిమ్మట అది మరల డిస్కునకే చేరవలెను. ఇది 1975 నాటి ప్రోగ్రాము రచనాపద్ధతి యని కాంప్ ఆక్షేపించెను. పెక్కు ఆపరేటింగ్ సిస్టములపై నడువవలసిన స్క్విడ్‌పై ఆ నింద కొంత కఠినమే యైనను, మూలవాదము సత్యమని నా దృఢాభిప్రాయము.

కాంప్ వ్రాయగా 2006లో వెలువడిన వార్నిష్ అను క్రొత్త ప్రోగ్రాము ఒక మహాఫైలును వర్చువల్ మెమరీకి జోడించుకొని, ర్యామ్, డిస్కుల తారతమ్యమును కెర్నెలునకే విడిచిపెట్టినది. అంతటితో ఆగక, క్యాష్‌లో లేని పుటను ఒకే క్షణమున నూర్గురు కోరినను, ఒక్క కోరికను మాత్రమే వెనుకటి సర్వరునకు పంపి తక్కినవారిని నిలిపియుంచి, పుట రాగానే అందఱకును పంచిపెట్టు నేర్పు దానికి కలదు. గడువు తీరిన పుటను సైతము, క్రొత్తది సిద్ధమగువరకు కొలది క్షణములు చెల్లనిచ్చుట మఱియొక చాతుర్యము. దాని నియమములను వ్రాయు చిన్నభాష సీ భాషలోనికి మారి, యంత్రసంకేతముగా కంపైలై నడచుట నాకన్నిటికంటె ప్రియమైన విషయము. వెర్డెన్స్ గాంగ్‌లో 12 స్క్విడ్ సర్వర్ల పనిని 3 వార్నిష్ సర్వర్లు నిర్వహించినవి.

తరువాతి చరిత్ర నాలుగు మాటలలో ముగియును. వికీపీడియా స్క్విడ్‌ను విడిచి వార్నిష్‌ను చేపట్టినది. తెలుగు వికీపీడియా పుటలును ఆ మార్గముననే మనకు చేరినవి. 2011లో ఏర్పడిన ఫాస్ట్‌లీ అను క్యాష్ సేవల సంస్థ వార్నిష్ ఆధారముగనే తన వ్యవస్థను నిర్మించినది.

సైట్లను నడుపుకొను పాఠకులకు నా విన్నపమొకటి కలదు. కుకీతో వచ్చు కోరికలకు వార్నిష్ తన సహజనియమముచేత క్యాష్‌నుండి బదులీయదు. కావున అవసరములేని కుకీలను ముందుగా తొలగింపుడు. పెద్ద సర్వరును కొనుటకు పూర్వము, మీ పేజీతో వచ్చు హెడర్లను ఒకమారు పరికింపుడు: ఎక్స్-వార్నిష్ అను పంక్తిలో రెండు సంఖ్యలున్నచో ఆ పుట క్యాష్‌నుండి వచ్చినది, ఒక్క సంఖ్యయే యున్నచో మీ డేటాబేసు దానికొఱకు మరల శ్రమించియుండును.