చేవ్రాఁత పటములు: ప్రతిరూపణము, పెంపు

తాళపత్రగ్రంథమునకుఁ బ్రతి వ్రాయువాఁడు రెండు విధముల నపరాధి కాఁగలఁడు. మూలమునందున్న యక్షరమును విడుచుట యొకటి. లేని యక్షరమును జేర్చుట మఱియొకటి. చేతితో గీయఁబడిన పటమునకు యంత్రముచేఁ బ్రతిరూపము తీయువారికిని నీ రెండు దోషములే సంభవించును. మొదటిది ప్రతిరూపము తీయునప్పుడును, రెండవది దానిని బెంచునప్పుడును గలుగును.

ఇది చరిత్రపరిశోధకులకు సామాన్యవిషయము కాదు. 1816వ సంవత్సరమునఁ గర్నల్ కాలిన్ మెకంజీ యమరావతీస్తూపమును బరిశీలించి, తన సహాయకులచే శిలలకుఁ జిత్తరువులను, దిబ్బకుఁ బటమును వ్రాయించెను. అవి నేఁడు లండనునందలి బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. ఆ శిలలలోఁ గొన్ని పిమ్మట జాడలేక పోయినవి. వానికిఁ జిత్తరువులే సాక్షులు. సాక్షి మాటలోఁ బ్రతి తీసినవాని మాట కలసినచో నిర్ణయము చెడును.

పూర్వము పటమును బెంచుటకు గళ్లు గీసి, గడిగడికి గీతల నెక్కించెడివారు. 1603లోఁ గ్రిస్టఫ్ షైనరు పాంటోగ్రాఫను సాధనమును గల్పించెను. ఈ రెండింటను గీత మఱలఁ జేతితోనే గీయఁబడుచుండెను. స్కానరు పద్ధతి వేఱు. అది పటమును మిక్కిలి సన్నని చదరములుగా విభజించి, యొక్కొక్క చదరమునకు నొక్క వర్ణమును సంఖ్యారూపమున వ్రాసికొనును. ఈ చదరమునకుఁ బిక్సెలని పేరు. ఒక్క పిక్సెలులో నడఁగిపోయిన భేదము పిదప నే యుపాయముచేతను దొరకదు.

కావునఁ బిక్సెలు పరిమాణమును ముందే నిర్ణయింపవలెను. అంగుళమునకు 300 పిక్సెళ్లు తీసినచో నొక్కొక్కటి సుమారు 0.085 మిల్లీమీటరు, 600 తీసినచో 0.042 మిల్లీమీటరు. సన్నని కలపుగీత 0.1 మిల్లీమీటరున్నచో దాని వెడల్పునకుఁ గనీసము రెండు పిక్సెళ్లు కావలెను. 300 చాలదు, 600 చాలును. తెనుఁగు పేళ్లున్న గ్రామపటమున నీ భేదము స్పష్టముగాఁ గానవచ్చును. తలకట్టు విడిగా నున్న 'ప', కలసియున్న 'వ' యను రెండక్షరముల నడుమ నున్న యెడము మిక్కిలి చిన్నది. అది నిండినచో నూరి పేరే మాఱును.

పెంపును బట్టియుఁ బిక్సెళ్లు పెరుగవలెను. అచ్చునందు అంగుళమునకు 300 పిక్సెళ్లుండఁగోరినచో, రెండింతలు పెంచుటకు 600, నాలుగింతలకు 1200 తీయవలెను. ఇవి కటకముచే నిజముగా గ్రహింపఁబడినవై యుండవలెను. యంత్రము నడుమ నూహించి చేర్చిన పిక్సెళ్లు లెక్కకు రావు. నల్లసిరా పటమునైనను రంగులతోనే తీయుట మేలు. అట్లు చేసినఁ గాని సిరాగీతయు, తేమమరకయు వేఱుపడవు. 20 అంగుళముల వెడల్పు, 30 అంగుళముల పొడవు గల పటము 600 చొప్పున 21 కోట్ల 60 లక్షల పిక్సెళ్లగును. పిక్సెలునకు మూఁడు బైట్ల వంతున నది 64 కోట్ల 80 లక్షల బైట్లు. దీనికి వెఱచి జెపెగ్ రూపమున నదిమి దాఁచినచో సన్నగీతల చుట్టు మసకలేర్పడును. మూలప్రతిని నష్టములేని టిఫ్ రూపమున నుంచి, పంపకమునకు వేఱు ప్రతిని జేయుట యుక్తము. శిథిలపటమును ఉరుళ్ల స్కానరులోఁ దూర్పరాదు. పైనుండి కెమెరాతోఁ దీయవలెను.

గీతలను గణితరేఖలుగా మార్చినచో నెంత పెంచినను జెదరవు. కృత్రిమమేధాసాధనములును మసకగీతలను నునుపు చేయును. కాని యవి పరిష్కర్త పాఠములే కాని మూలపాఠములు కావు. వానిపై నామాట వ్రాయవలెను.

మఱియొక ప్రమాదము కొలతయందున్నది. 'అంగుళమునకు మైలు' అని వ్రాసిన పటమును రెండింతలు పెంచినచో నామాట యబద్ధమగును. పెంచిన పటమున రెండూళ్ల నడుమ ఆఱంగుళములు కొలిచినవాఁడు మూఁడు మైళ్ల దూరమును ఆఱు మైళ్లనుకొనును. పటముపై గీసిన కొలబద్ద మాత్రము పటముతోఁగూడఁ బెరిగి సత్యమును జెప్పును. కొలబద్ద లేనిచోఁ బ్రతిరూపము తీయునప్పుడే ప్రక్కన నొక కొలకఱ్ఱ నుంచవలెను. పెంచినవారు మాఱినను, ప్రతులు పెక్కైనను, ఆ కఱ్ఱయే మూలమునకుఁ దోడుగా నిలుచును.