కళ్లజోడు మార్చేదెప్పుడు?

తెలంగాణ పల్లెల్లో 2018లో కంటివెలుగు శిబిరాలు పెట్టి దగ్గరి చూపు అద్దాలు ఉచితంగా పంచారు. ఆ జోళ్లు, కొన్ని ఫ్రేముకు దారం చుట్టుకుని, రచ్చబండల మీద ఇంకా కనిపిస్తుంటాయి. జోడు పాడవలేదు కదా అని చాలామంది ధీమా. చత్వారం నలభై దాటాక మొదలై అరవై దాకా పెరుగుతూనే ఉంటుంది. అప్పటి పవరు ఇప్పటికి చాలదు. పాసుపుస్తకం చేయి చాచి చదవాల్సి వస్తున్నా, సూదిలో దారం ఎక్కకున్నా, సాయంత్రానికి నుదురు లాగుతున్నా పరీక్ష చేయించుకోవలసిందే. పురుగుమందు డబ్బా మీది కొలత తప్పు చదివితే నష్టం పైరుకే కాదు, మనిషికి కూడా!

చక్కెర వ్యాధి ఉన్నవారి చూపు చక్కెరతో పాటే మారుతుంది. అది అదుపులోకి వచ్చి కొన్ని వారాలు నిలిచాకే పవరు చూపించుకోవాలి. తొందరపడితే అద్దాల డబ్బు దండుగ.

అసలు మోసం మరొకటుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకనాడు అద్దాలు లేకుండానే పేపరు చదివేస్తారు. ఇంటిల్లిపాదికీ సంబరం. తిరిగొచ్చింది చూపు కాదు, చాలాసార్లు అది శుక్లం ముదురుతున్న గుర్తు. దూరాన వచ్చే బస్సు బోర్డు మాత్రం ఆయనకు మసకే. సంతలో కొన్న జోడు దీనికి పనికిరాదు, కంటి డాక్టరే చూడాలి. వెళ్లేటప్పుడు పాత జోడు వెంట తీసుకెళితే పవరు ఎంత మారిందో అక్కడే తేలుతుంది.