పరదేశమున నుండువారి మందులు: పేరు, బలము, లెక్క

ఈ పత్రికయందు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, తెగుళ్లను గూర్చియు వ్రాయుట నాకు పరిపాటి. ఈ మాసమున మనుష్యులు సేవించు మందులను గూర్చి వ్రాయుచున్నాను. నేను వైద్యుడను కాను. ఏ రోగమునకు ఏ మందో, ఎంత మోతాదో నిర్ణయించుట వైద్యుని పని. దానిజోలికి నేను పోను. కాని డబ్బాపై చీటిని చదువుట, పాళ్లు కొలుచుట నా వృత్తిలోనివి. ఆ రెండును చేయకపోవుటవలన మా యింట ఒక ప్రాణమునకు ముప్పు వచ్చి తప్పినది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుట నా విధి యనుకొంటిని.

మన సంఘ సభ్యులలో అనేకుల బిడ్డలు అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో ఉద్యోగములు చేయుచున్నారు. కోతలు ముగిసిన పిదప తల్లిదండ్రులు అచటికి పోయి నాలుగారు మాసములుండి వచ్చుట నేడు పల్లెలలో వింత కాదు. కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములనుండియు, కోనసీమ, కడప సీమలనుండియు గల్ఫు దేశములకు పనికి పోవువారును పెక్కురు. వీరిలో చాలమంది రక్తపుపోటునకో, మధుమేహమునకో నిత్యము మాత్రలు మ్రింగువారే. పచ్చళ్లకు, పొడులకు వారము దినములు ముందుగా ఏర్పాటు చేయుదురు. మందులను మాత్రము ప్రయాణపు దినమున దొరికినన్ని కొని సంచిలో వేయుదురు.

మా పెద్దన్నగారి సంగతి

మా పెద్దన్నగారు అరువదిరెండేండ్లవారు. పండ్రెండేండ్లుగా ఇన్సులిన్ పుచ్చుకొనుచున్నారు. ఉదయమున 20 యూనిట్లు. నిరుడు వదినగారితో కూడ అమెరికాలోని కుమారునియొద్దకు ఆరు మాసములకై పోయిరి. తీసికొనిపోయిన మందు నాలుగు మాసములకే సరిపడునది. తక్కినది తరువాత పోస్టులో తెప్పించుకొందమని తలచిరి. ఐదవ మాసమున సీసాలు నిండుకొన్నవి. పోస్టు మార్గము కుదరలేదు.

ఆ దేశమున పాతరకపు ఇన్సులిన్ పెక్కు రాష్ట్రములలో వైద్యుని చీటి లేకయే దొరకును. కుమారుడు ఒక సీసా కొని తెచ్చెను. మన యొద్ద 30/70 అని వ్రాయుదురు. వారు 70/30 అని వ్రాయుదురు. లోపలి మిశ్రమ మొక్కటే. సూదులు మాత్రము ఇంటినుండి తీసికొనిపోయినవి మిగిలియుండెను. అన్నగారు ఎప్పటివలెనే 20వ గీత వరకు లాగి పొడుచుకొనిరి. కొంతసేపటికి ఒడలెల్ల చెమటపట్టి, చేతులు వణకి, మాట తడబడెను. వదినగారు నీళ్లలో చక్కెర కలిపి త్రాగించిరి. కోడలు ఆసుపత్రి బండిని పిలిపించెను. దైవానుగ్రహమున ప్రాణము దక్కినది. మరునాడు అన్నగారు నాతో ఫోనులో, "మందదే, సూదదే, గీతదే. మరెందుకిట్లయిందిరా?" అని యడిగిరి.

కారణమిది. మన దేశమున సీసాలలో అమ్మబడు ఇన్సులిన్ సాధారణముగా మిల్లీలీటరు ఒక్కింటికి 40 యూనిట్ల బలము కలది. అమెరికాలో అది 100 యూనిట్ల బలము కలది. 40 బలమునకు తగిన సూదిలో 20వ గీత యనగా అర మిల్లీలీటరు. మన సీసానుండి అర మిల్లీలీటరు తీసిన 20 యూనిట్లు వచ్చును. అచటి సీసానుండి తీసిన 50 యూనిట్లు వచ్చును. అనగా రెండున్నర రెట్లు. దీనికి తలక్రిందుగా, మన 40 బలపు సీసాకు అచటి 100 బలపు సూదిని వాడిన 20వ గీతకు 8 యూనిట్లే వచ్చును. అప్పుడు రక్తమున చక్కెర పెరిగిపోవును. సీసా ఏ బలముదో సూదియు ఆ బలమునకే చేయబడినదై యుండవలెను. మన అంగళ్లలో సాధారణముగా 40 బలపు సూదికి ఎఱ్ఱ మూతయు, 100 బలపు సూదికి నారింజరంగు మూతయు నుండును. అయినను మూతను నమ్మక, సూదిపై అచ్చువేసిన అంకెను చదువవలెను. కలమువంటి సాధనముతో పుచ్చుకొను ఇన్సులిన్ ఇచటను సాధారణముగా 100 బలముదే.

ఈ సంగతి రైతులకు క్రొత్త కాదు. ఇమిడాక్లోప్రిడ్ అను పురుగుమందు 17.8 శాతపు ద్రవముగను, 70 శాతపు గుళికలుగను దొరకుచున్నది. పేరొక్కటే గదా యని మొదటిదాని కొలతతో రెండవదానిని కలుపువాడు మనలో నుండడు. పైరు విషయమున మనము చూపు ఈ జాగ్రత్తను ఒంటి విషయమునను చూపవలెనని నా మనవి.

మొదటిది: అసలు పేరు

"గులాబిరంగు బిళ్ల ఉదయము, తెల్లది రాత్రి" అని చెప్పిన పరదేశపు వైద్యునికి ఏమియు తెలియదు. వ్యాపారపు పేరు చెప్పినను ప్రయోజనము తక్కువ. ఏలయన ఆ పేరు మన దేశపు కంపెనీ పెట్టుకొన్నది. మాత్రల పట్టీపై వ్యాపారపు పేరుతోబాటు మందు యొక్క అసలు పేరును, దాని బలమును మిల్లీగ్రాములలో అచ్చువేయబడియుండును. వ్రాసికొనవలసినది అది. జనౌషధి దుకాణములలో మందులు అసలు పేరుతోనే అమ్మబడును. 2023లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకును ఈ దుకాణములను తెరచుటకు కేంద్ర ప్రభుత్వము అవకాశము కల్పించినది గనుక, ఈ అసలు పేర్లు మన సభ్యులకు ముందుముందు మరింత పరిచయము కాగలవు.

అసలు పేరు సయితము కొన్ని యెడల దేశమునుబట్టి మారును. మన పారాసిటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అందురు. జ్వరమునకు మన మాత్ర యొకటి మ్రింగి, అచటి జలుబుమందు మరియొకటి పుచ్చుకొన్నచో ఒకే మందు రెండుమారులు లోనికి పోవుటకు వీలున్నది. మితిమీరిన అది కాలేయమునకు చెరుపు చేయును. ఉబ్బసమునకు పీల్చు సాల్బుటమాల్‌ను అచట ఆల్బుటెరాల్ అందురు. మధుమేహపు గ్లిబెన్‌క్లమైడ్‌ను గ్లైబురైడ్ అందురు.

మన యొద్ద విరివిగా వాడబడు కొన్ని మందులు అమెరికాలో అమ్మకమునకు ఆమోదము పొందలేదు. మధుమేహమునకు ఇచ్చు గ్లిక్లజైడ్, వోగ్లిబోస్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్. రక్తపుపోటునకు ఇచ్చు సిల్నిడిపిన్ ఇట్టివి. రెండు మూడు మందులను ఒకే బిళ్లలో కూర్చిన మిశ్రమములు కూడ అనేకము అచట దొరకవు. ఇట్టివి వాడువారు నెలన్నర ముందుగా వైద్యుని కలిసి, "నాకు ఇది అచట దొరకనిచో దీనికి బదులేమి?" అని అడుగవలెను. మార్పు అవసరమైనచో ఇంటనున్నప్పుడే మార్చి, ఒంటికి సరిపడినదని తేలిన పిదప బయలుదేరుట మేలు.

రక్తములోని చక్కెర కొలతలోను భేదము కలదు. మన యొద్దను, అమెరికాలోను మిల్లీగ్రాముల లెక్క. ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియాలలో మిల్లీమోలుల లెక్క. వారి అంకెను 18చే హెచ్చించిన మన అంకె వచ్చును. వారి 7 మన 126. అచటి యంత్రము 7 చూపగా చక్కెర పడిపోయినదని భ్రమపడరాదు.

రెండవది: లెక్క

ఉండబోవు దినములను దినమునకు వాడు మాత్రలతో హెచ్చించి, విమానము ఆలస్యమగుట మొదలగువానికై పదిహేను దినములవి కలుపవలెను. దినమునకు రెండు చొప్పున 180 దినములకు 360, కలుపుడుతో 390, పదేసి మాత్రల పట్టీలైనచో 39.

అయితే ఒక చిక్కు కలదు. అమెరికా సుంకపు శాఖవారు ప్రయాణికులు తమ వాడుకకు తెచ్చుకొను మందు సుమారు 90 దినములకు మించరాదని సూచించుచున్నారు. ఆరు మాసములుండువారు దీనిని ముందే యోచింపవలెను. మందు ఎక్కువగా తీసికొనిపోవలసినచో, ఎంతకాలముండబోవుచున్నారో, దినమున కెంత వాడుదురో వైద్యునిచేత ఇంగ్లీషున వ్రాయించిన ఉత్తరము చేతనుంచుకొని, అడిగిన అధికారికి ఉన్నదున్నట్లు చెప్పవలెను. దానినే నమ్ముకొనక, చేరిన రెండవ మాసమునకే అచటి వైద్యుని కలియుటకు బిడ్డలచేత ఏర్పాటు చేయించుకొనవలెను. మన వైద్యుని చీటికి అచటి అంగడివారు మందియ్యరు. అసలు పేరుతో అమ్మబడు సాధారణపు మాత్రలు కొన్ని అచటి పెద్ద అంగళ్లలో స్వల్పధరకే దొరకును. ప్రయాణపు బీమా పత్రములు పెక్కు పాత రోగములకు వర్తింపవు గనుక, పత్రమును పూర్తిగా చదివించుకొని కొనవలెను.

పోస్టులో తెప్పించుకొందమను ఆశ పెట్టుకొనరాదు. అట్లు వచ్చిన మందును సుంకపువారు నిలిపివేయవచ్చును. మందు తగ్గినదని దినము విడిచి దినము మ్రింగుట అంతకంటె చెడ్డది. రక్తపుపోటు నొప్పి పుట్టించి హెచ్చరింపదు.

మూడవది: నిషేధములు

గల్ఫునకు పోవువారికి ఇది ముఖ్యము. మన ఊర వైద్యుడు నొప్పులకు వ్రాసిన ట్రమడాల్, దగ్గుమందులోని కోడీన్, నిద్రకును ఆందోళనకును ఇచ్చు ఆల్‌ప్రజోలం, డయాజెపాం, నరముల మంటకు ఇచ్చు ప్రిగాబాలిన్ అను మందులు ఎమిరేట్సులో నియంత్రణకు లోబడినవి. ఇట్టివానిని తీసికొనిపోవువారు అచటి ప్రభుత్వమువారి అనుమతిని ముందుగా పొందవలెను. అనుమతి లేక పట్టుబడినచో "మా వైద్యుడిచ్చినాడు" అను మాట కాపాడదు, చెఱసాలకు పోవలసివచ్చును. వంటింటి గసగసాలు కూడ ఎమిరేట్సులోను, సౌదీ అరేబియాలోను నిషిద్ధములు. మసాలాపొడిలో కలిపినను, విరేచనముల కషాయమునకని దాచినను తప్పే. ఎంత కావలసినవారైనను, వారి బంధువునకిమ్మని యిచ్చిన మందుల పొట్లమును విప్పిచూడక, చీటి లేక పుచ్చుకొనరాదు.

లేహ్యములు, భస్మములు తీసికొనిపోవువారికిని ఒక మాట. కొన్ని రసౌషధములలో పాదరసము, సీసము ఉండును. వానిని గూర్చి అచటి వైద్యునియొద్ద దాచక చెప్పవలెను.

నాలుగవది: ప్రయాణము

మందులన్నియు చేతిసంచిలోనే యుండవలెను. విమానపు అడుగుభాగమునకు పోవు పెట్టె తప్పిపోవచ్చును. ఇన్సులిన్ అచటి చలికి గడ్డకట్టవచ్చును. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరగినను పనికిరాదు. తెరవని సీసాలను 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో నుంచవలెను. వాడుకలోనున్న సీసా గది చల్లదనమున సుమారు నాలుగు వారములు నిలుచును. చల్లదనమునకై పెట్టు మంచుపొట్లము సీసాకు నేరుగా తగులకుండ గుడ్డ చుట్టవలెను. ద్రవములు 100 మిల్లీలీటర్లకు మించరాదను నియమమునుండి అవసరమైన మందులకు మినహాయింపు కలదు. తనిఖీవారికి ముందుగా చూపవలెను. మాత్రలను పట్టీలనుండి విప్పి ఒకే డబ్బాలో పోయరాదు. పేరు పోయిన మాత్ర ఏ అధికారికిని, ఏ వైద్యునికిని మాత్ర కాదు.

కాలభేదమును కూడ తలపనుంచుకొనవలెను. గల్ఫునకును మనకును గంటన్నర, రెండున్నర గంటల తేడాయే. న్యూయార్కునకు వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలమున పదిన్నర గంటలు మనము ముందుందుము. పడమటికి పోవునపుడు దినము సాగును, వచ్చునపుడు కుంచించుకొనును. ఆ రెండు దినములలో ఏ మందు ఎప్పుడో, విశేషించి ఇన్సులిన్ ఎంతో, వైద్యునిచేత గంటలతో సహా వ్రాయించుకొనవలెను.

ఒక్క కాగితము

పైన చెప్పినదంతయు ఒక కాగితమున ఇమిడిపోవును. మందు యొక్క అసలు పేరు, దాని బలము, దినమునకు ఎన్నిమారులు, ఏ రోగమునకు, ఎన్ని దినములకు, ఒంటికి పడని మందులేవి, మన వైద్యుని పేరు, ఫోను నంబరు. దీనికి మూడు ప్రతులు కావలెను: ఒకటి చేతిసంచిలో, ఒకటి తోడివారియొద్ద, ఒకటి బిడ్డల ఫోనులో చిత్రముగా.

మా అన్నగారు ఈ యేడు మరల పోవుచున్నారు. ఇన్సులిన్ సీసాలను, వానికి తగిన సూదులను లెక్కించి ఒకే సంచిలో పెట్టుకొన్నారు. అచట క్రొత్త సీసా కొనవలసివచ్చినచో, అచటి సూదులనే కొనవలెనని సంచిపై పెద్ద అక్షరములతో వ్రాయించుకొన్నారు.

సభ్యులలో ఎవరికైన ఈ కాగితము వ్రాసికొనుట కష్టమైనచో, మాత్రల పట్టీలను, సీసాలను, సూదులను వెంటబెట్టుకొని నా యొద్దకు రావచ్చును. చీటిలోని పేరును, బలమును చదివి వ్రాసి యిచ్చెదను. మోతాదు గడిని మాత్రము ఖాళీగా విడిచెదను. దానిని వైద్యునిచేత నింపించుకొనవలెను.