తెర తొందర, కార్డు కష్టం

సినిమాలో బొమ్మ నిజంగా కదలదని మనందరికీ తెలుసు. సెకండుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి తెరమీద పడతాయి; కదలికంతా మన కంటి భ్రమ. ఇంతవరకూ బడిపిల్లవాడైనా చెబుతాడు. కాని పాత ఫిల్ము ప్రొజెక్టరులో మరొక కిటుకు వుండేది. సెకండుకు 24 సార్లే వెలుగు పడితే తెర మిణుకుమిణుకుమంటుంది. అందుకని ఒక రెక్క మధ్యమధ్య అడ్డుతిరుగుతూ ప్రతి బొమ్మనూ రెండుసార్లో మూడుసార్లో చూపేది. అంటే బొమ్మలు 24 అయితే వెలుగు పడేది 48 సార్లు, లేదా 72 సార్లు. కొత్త బొమ్మల లెక్క వేరు, తెర వెలిగే లెక్క వేరు.

ఈనాటి కంప్యూటరు ఆటల్లోనూ సరిగ్గా ఈ రెండు లెక్కలే వున్నాయి. మానిటరు సెకండుకు ఎన్నిసార్లు తన తెరను తిరిగి దిద్దుకుంటుందో అది రిఫ్రెష్ రేటు. దాన్ని హెర్ట్జులలో చెబుతారు. పెట్టెలో వుండే గ్రాఫిక్స్ కార్డు సెకండుకు ఎన్ని కొత్త బొమ్మలు గీస్తుందో అది ఫ్రేము రేటు. ఒకటి చూపేవాడి పని, మరొకటి గీసేవాడి పని. ఈ రెంటినీ ఒకటే అనుకున్నందువల్ల పోయిన వేసవిలో విజయవాడలో మా అక్కయ్యగారింట 45 వేల రూపాయలకు ఎసరు రాబోయింది.

మా మేనకోడలు తన మొదటి జీతంతో తమ్ముడికి 144 హెర్ట్జుల మానిటరు కొనిపెట్టింది. వాడి దగ్గరున్నది 2021లో బజారులోకి వచ్చిన ఆర్‌టిఎక్స్ 3060 కార్డు. మానిటరు అమ్మిన కొట్టతను, "ఈ తెర ముందు మీ పాత కార్డు నిలవదమ్మా, రెండు నెలల్లో మాడిపోతుంది. పనిలోపనిగా కొత్తది వేయించండి," అన్నాడట. అక్కయ్య దగ్గర డబ్బు లేక కాదు. వున్న డబ్బు కుర్రవాడి ఇంజనీరింగు రెండో సంవత్సరం ఫీజు. కార్డు మాడితే అదీ ఖర్చే కదా అని ఆవిడ భయం. కొత్తది వస్తే చేదా అని వాడి ఆశ. ఫీజు డబ్బు ముట్టుకుంటే వూరుకోనని బావగారి పట్టుదల. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వొచ్చి ఒక మాట చెప్పిపో. తండ్రీ కొడుకులు మూడు రోజులుగా మాట్లాడుకోవడం లేదు," అని అక్కయ్య ఫోను చేసింది. ఇరవయ్యేళ్ళపాటు కంప్యూటర్లు విప్పి బిగించిన వాణ్ణి కనుక వెళ్ళాను.

వెళ్ళి మొట్టమొదట సెట్టింగులు తెరిచి చూశాను. మానిటరు 60 హెర్ట్జుల మీదే నడుస్తోంది! విండోసు చాలాసార్లు కొత్త మానిటరును 60 దగ్గరే వుంచేస్తుంది. సిస్టం, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్ళి మనమే 144ను ఎంచుకోవాలి. వారం రోజులుగా "ఎంత నునుపుగా వుందో!" అని స్నేహితులకు చూపించి మురిసిపోతున్న మా మేనల్లుడి ముఖం అప్పుడు చూడవలసింది. (మీ ఇంట్లో ఈ జాబితాలో 144 అసలు కనబడకపోతే తీగను అనుమానించండి. కొన్ని మానిటర్లకు హెచ్‌డిఎంఐ తీగ తగిలిస్తే తక్కువ వేగమూ, డిస్‌ప్లేపోర్టు తీగ తగిలిస్తే పూర్తి వేగమూ వస్తాయి.)

ఇక అసలు ప్రశ్న. తెర వేగం పెరిగితే కార్డు మాడుతుందా? మామూలు తెరమీద అడ్డంగా 1920, నిలువునా 1080 చుక్కలు, వెరసి 20,73,600. సెకండుకు 60 సార్లయితే 12 కోట్ల 44 లక్షల చుక్కలు, 144 సార్లయితే 29 కోట్ల 86 లక్షలు. వినగానే గుండె గుభేలుమంటుంది. కాని తయారైన బొమ్మను జ్ఞాపకశక్తిలోంచి చదివి తెరకు పంపడం కార్డుకు పెద్ద శ్రమ కాదు. ఆ పనికి కార్డులో విడిగా ఒక చిన్న భాగముంది. ఆట లేకుండా వుత్తరం టైపు చేసుకుంటూ కూర్చుంటే 60కీ 144కీ కార్డు వేడిలో తేడా అంతంతమాత్రమే. రెండు వేర్వేరు వేగాల మానిటర్లు తగిలించినప్పుడు మాత్రం కొన్ని కార్డులు వూరికే వున్నా పూర్తిగా విశ్రమించలేవు. కాస్త ఎక్కువ కరెంటు తాగుతాయి.

శ్రమంతా కొత్త బొమ్మ గీయడంలో వుంది. కొండలు, నీడలు, నీళ్ళమీద తళుకులు, శత్రువు తుపాకి పొగ — ఇదంతా ఒక్కొక్క బొమ్మకూ మొదటినుంచీ లెక్క కట్టాలి. 60 బొమ్మలు చాలంటే ఒక్కొక్కదానికి 16.7 మిల్లీసెకండ్ల వ్యవధి దొరుకుతుంది. 144 కావాలంటే 6.9 మాత్రమే. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటున్నది. ఎవరూ హద్దు పెట్టకపోతే కార్డు మానిటరుకేసి చూడనే చూడదు. విస్తరి ఖాళీ అయిందో లేదో చూడకుండా వడ్డించుకుంటూ పోయే పెళ్ళివారి వడ్డనలాగా, చేతనైనన్ని బొమ్మలు గీసి పారేస్తూనే వుంటుంది. పాత 60 హెర్ట్జుల తెరమీద మా వాడి కార్డు సెకండుకు 110 బొమ్మలు గీసేది. మిగిలిన 50 పూర్తిగా తెరకెక్కకుండా వృథా. అంటే కొత్త మానిటరు రాకముందే కార్డు తన శక్తికొద్దీ పనిచేస్తోందన్నమాట! కొట్టతను చెప్పిన ప్రమాదం కొత్తగా వచ్చేదేమీ లేదు.

వర్టికల్ సింక్ అనే సెట్టింగుతో ఇన్నాళ్ళూ 60 దగ్గర కట్టడి చేసుకున్నవారి సంగతి వేరు. వారు 144కు మారితే అంతవరకూ సగం శక్తితో కులాసాగా నడిచిన కార్డు పూర్తిగా శ్రమించవలసి వస్తుంది. పంకా చప్పుడు హెచ్చుతుంది, గది వేడెక్కుతుంది. అయినా తెర అడిగినంత మాత్రాన కార్డు తన హద్దు దాటదు. 3060 కార్డుకు తయారీలోనే 170 వాట్లు గరిష్ఠమని నిర్ణయించారు. వేడి మరీ పెరిగితే అది తనంత తానే వేగం తగ్గించుకుంటుంది.

మరి కార్డులు చెడిపోయిన కథలు అబద్ధమా? కావు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 అనే ఆట వచ్చినప్పుడు, యుద్ధంలో కాదు, ఏమీ జరగని మెనూ తెర దగ్గర కొందరి కంప్యూటర్లు వేడెక్కిపోయాయి. గీయవలసింది స్వల్పం కనుక కార్డు ఒకే బొమ్మను హద్దూ పద్దూ లేకుండా గీస్తూ పోయింది. బ్లిజార్డ్ కంపెనీవారు ఫ్రేములకు హద్దు పెట్టే వరుసలు చెప్పి సర్దుబాటు చేయవలసివచ్చింది. 2021లో అమెజాన్‌వారి న్యూ వరల్డ్ ఆట పరీక్షా దశలో ఖరీదైన 3090 కార్డులు కొన్ని చచ్చిపోయాయి. అప్పుడూ మెనూలో హద్దు పెట్టారు. కాని తమ కార్డులు చెడడానికి కారణం టంకం పనిలో లోపమని ఈవీజీఏ కంపెనీ తర్వాత ప్రకటించింది. రెండుచోట్లా మానిటరు వేగం ముద్దాయి కాదు.

మా వాడికి ఫ్రేములు 110 దగ్గర ఆగితే 144 తెర వృథా కదా అని మీరనవచ్చు. పాత పద్ధతిలో కొంత నిజమే. తెరా కార్డూ జత కుదరకపోతే బొమ్మ మధ్యకు చీలినట్టు కనబడేది. వర్టికల్ సింక్ పెడితే 144 అందక ఒక్కసారిగా 72కు దిగజారేది. 2013లో ఎన్‌విడియావారు జీ-సింక్ ప్రకటించారు. 2015లో ఏఎండీవారి ఫ్రీసింక్ మానిటర్లు వచ్చాయి. ఈ పద్ధతిలో తెరే కార్డు కోసం ఆగుతుంది. 110 బొమ్మలు వస్తే 110 సార్లే మారుతుంది. దొర వేగాన్నిబట్టి నౌకరు కాకుండా, నౌకరు వేగాన్నిబట్టి దొర నడవడం! మా వాడి మానిటరులో ఆ సదుపాయం వుంది, ఆన్ చేయలేదంతే.

వాడు ఎక్కువగా ఆడే తుపాకీ ఆటలో ఇంకొక విశేషం కనబడింది. అక్కడ కార్డు పూర్తిగా పనిచేయడమే లేదు. ప్రాసెసరు ఆలస్యం చేస్తోంది. ప్రతి బొమ్మకూ ఏమి గీయాలో కార్డుకు ఆజ్ఞ ఇచ్చేది ప్రాసెసరే. ఫ్రేములు పెరిగేకొద్దీ దాని పనీ పెరుగుతుంది. అటువంటిచోట 45 వేలు పోసి కొత్త కార్డు వేసినా అది కూడా ఆజ్ఞ కోసం చేతులు కట్టుకుని నిలబడుతుంది.

నీడల నాణ్యత ఒక మెట్టు తగ్గించాను. ఫ్రేములకు 140 దగ్గర హద్దు పెట్టాను. తెర గరిష్ఠానికి కాస్త లోపల వుంటేనే ఆ జత నిలుస్తుంది. పంకాల్లో పేరుకున్న దుమ్ము తీశాను. విజయవాడ మే నెలలో ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యమేమో! కార్డు మింగే ప్రతి వాటూ చివరకు గదిలోకే వేడిగా వస్తుంది. హద్దు పెట్టుకుని 100 వాట్లు ఆదా చేసినా, రోజుకు మూడు గంటల చొప్పున నెలకు 9 యూనిట్లు. బావగారికి మిగతా శాస్త్రమంతా పట్టలేదు గాని ఈ లెక్క మాత్రం వెంటనే పట్టింది. ఫీజు డబ్బు కాలేజీకి చేరింది.

అయితే కొట్టతని మాట నిజమయ్యే సందర్భమూ వుంది. 4కె తెరమీద 82,94,400 చుక్కలు. మామూలు తెరకు నాలుగింతలు. అక్కడ అన్ని హంగులతో 144 బొమ్మలు కావాలంటే ఎంతో బలమైన కార్డు తప్పదు. 2022 నాటి ఆర్‌టిఎక్స్ 4090కి గరిష్ఠం 450 వాట్లు, 2025లో వచ్చిన 5090కి 575. పెట్టెకు పెద్ద పవర్ సప్లయి, గదికి చల్లదనం కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక 240 హెర్ట్జుల తెర కావాలని ఇంట్లో ఎవరైనా మారాం చేస్తే ఈ లెక్క చూపించండి. 60 నుంచి 144కు పోతే ఒక్కొక్క బొమ్మ దగ్గర దాదాపు 9.7 మిల్లీసెకండ్లు కలిసివస్తాయి. ఆ తేడా తేలికగానే తెలుస్తుంది. 144 నుంచి 240కి పోతే కలిసివచ్చేది 2.8 మాత్రమే. అందుకోసం కార్డు, ప్రాసెసరూ కూడా సెకండుకు మరో 96 బొమ్మలు అదనంగా మోయాలి.