రక్తపరీక్షకును పరీక్ష కలదు

గ్రామపెద్దలారా! మన సారపాక కాగితపు మిల్లు మీరెరిగినదే. గుజ్జు చెడినచో పిదప నెంత శ్రమించినను మంచి కాగితము రాదు. నాణ్యమనునది తుదను జూచి మెచ్చుకొనునది కాదు, మొదటినుండి కాపాడుకొనవలసినది. రక్తపరీక్షకును ఇదియే న్యాయము.

ఎయిడ్సు వ్యాధికి మూలమైన హెచ్.ఐ.వి. యను క్రిమి జాడ మనదేశమున 1986లో మదరాసునందు మొదట కనుగొనబడెను. నేడు వ్రేలికొననుండి తీసిన నెత్తుటిబొట్టుతో అరగంటలో ఫలితము తెలుపు పరీక్షాపట్టీలు వచ్చినవి. పెద్ద యంత్రములు లేని అడవిసీమలకు ఇవి వరములే. కాని పని సులువైనకొలది పొరపాటును సులువగును.

మొదటి శత్రువు ఎండ. పట్టీలు పలురకములు. కొన్నిటిని 30 డిగ్రీలు మించని చోటను, కొన్నిటిని 2 మొదలు 8 డిగ్రీల చల్లని పెట్టెలోను ఉంచవలెను. మన గోదావరి సీమలో వేసవియెండ 40 డిగ్రీలు దాటును. కావున ప్రతిదినమును వేడిని కొలిచి పుస్తకమున వ్రాయవలెను. రెండవది తొందర. నిర్ణీతకాలమునకు ముందు చదివినచో ఉన్నది కనబడకపోవచ్చును. కాలము మించినపిదప చదివినచో లేనిది తోచవచ్చును. మరియు పట్టీపై సాక్షిగా ఒక గీత యుండును. అది రానిచో ఆ పరీక్ష చెల్లదు, మరల చేయవలసినదే.

క్రొత్త పెట్టె విప్పినపుడు, ఫలితము ముందే తెలిసిన నమూనాలతో దానిని శోధింపవలెను. పై ప్రయోగశాలవారును అప్పుడప్పుడు ఫలితము మరుగుపరచి నమూనాలను పంపి, క్రిందివారి జవాబులను సరిచూతురు. విద్యార్థికివలెనే పరీక్షించువానికిని పరీక్ష తప్పదు.

ఇంత జాగ్రత్త యేల యందురేమో, లెక్క చూడుడు. వేయిమందిలో ఇద్దరికే రోగమున్న దనుకొందము. పరీక్ష నూర్గురు ఆరోగ్యవంతులలో ఒక్కని విషయమున తప్పినను, ఇంచుమించు పదిమంది నిర్దోషులు రోగులుగా తోతురు! అందువలననే మనదేశమున మొదటి పట్టీ రోగమున్నదని చూపినచో, వేరురకముల పట్టీలతో మరి రెండు పరీక్షలు చేసి, మూడును ఏకీభవించినపుడే రోగము నిర్ధారింతురు. రోగము సోకిన క్రొత్తలో కొన్ని వారములు పరీక్షకు దొరకదు. అనుమానమున్నవారు వైద్యులు చెప్పిన గడువునకు మరల చూపించుకొనవలెను.

ఇందు మీ బాధ్యత పెద్దది. ఒక్క గీతను జూచి పెండ్లి చెరుపకుడు, ఎవరిని వెలివేయకుడు. సమ్మతిలేని పరీక్షయు, ఫలితమును చాటుటయు తగవని 2017 నాటి చట్టము శాసించుచున్నది. నిజముగ రోగమున్నను భయములేదు. ప్రభుత్వము మందుల నుచితముగ నిచ్చుచున్నది. వానిని తప్పక సేవించువారు చిరకాలము జీవించుచున్నారు. పట్టీ చేయు తప్పును మరియొక పట్టీ దిద్దును; ఊరి నోట బడిన మాటను దిద్దగల పట్టీ లేదు.