జిల్లా పేజీ చిక్కిపోయాక

చెరకు తోలిన 14 రోజుల్లో రైతుకు డబ్బు ముట్టాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. అయినా 2021 నవంబరులో అప్పటి విజయనగరం జిల్లా సీతానగరం మండలం లచ్చయ్యపేట చక్కెర ఫ్యాక్టరీ బకాయిల కోసం రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది. పోలీసులతో తోపులాట ముదిరి రాళ్లు పడ్డాక గానీ రాష్ట్రం అటు చూడలేదు. అదే జిల్లాలో గజపతినగరానికి పొరుగున, జామి మండలం భీమసింగిలో సహకార చక్కెర కర్మాగారం ఆగిపోయింది. అక్కడి రైతులు చెరకును ఎక్కడో ఉన్న సంకిలి ఫ్యాక్టరీకి తోలుకోవలసి వచ్చింది. ఇలా నెమ్మదిగా తగిలే దెబ్బ టీవీ కెమెరాకు ఆనదు. దాన్ని పట్టుకుని పదేపదే రాయాల్సింది జిల్లా పేజీ. అదే ఇప్పుడు చిక్కిపోయింది.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లాకో అనుబంధం తెచ్చింది. తక్కిన పత్రికలూ అదే దారి పట్టాయి. మండలానికో విలేకరి వచ్చాడు. ఎండిన చెరువూ అందని కూలీ వార్తలయ్యాయి. 2020 కరోనా కాలంలో ఆ అనుబంధాలు ప్రధాన పత్రికలో కలిసిపోయి రెండు మూడు పేజీలకు కుదించుకుపోయాయి. ‘ఆంధ్రభూమి’ అచ్చు ఆగిపోయింది. మిగిలిన మండల విలేకరుల్లో చాలామందికి జీతం లేదు, అచ్చయిన వార్తల కొలతను బట్టి చెల్లించే లైన్ అకౌంటే. పైగా ప్రకటనలు తెమ్మనే ఒత్తిడి. ప్రకటన ఇచ్చిన మిల్లు యజమాని మీద బకాయి వార్త రాయడం ఆ విలేకరికి ఎంత కష్టమో ఊహించవచ్చు.

చేతిలో ఫోనుంటే పత్రికెందుకని కొందరంటారు. ఫోను కోపాన్ని క్షణంలో చూపిస్తుంది, నిజమే. కానీ వారం తర్వాత కలెక్టరేట్‌కు వెళ్లి ఎంత బకాయి తీరిందో, రికవరీ నోటీసు ఏమైందో అడిగేది ఎవరు? ఆ పని మనిషి చేయాలి, అతనికి తిండి గడవాలి. పత్రికలు బలంగా ఉన్న 1994లోనే నెల్లిమర్ల జూట్ కార్మికుల మీద కాల్పులు జరిగి ఐదుగురు చనిపోయారు కదా అనే ప్రశ్నా న్యాయమైనదే. పత్రిక తుపాకీని ఆపలేకపోవచ్చు. అయితే బెస్లీ, బర్జెస్ అనే ఆర్థికవేత్తలు 1958 నుంచి 1992 వరకు భారత రాష్ట్రాల లెక్కలు పరిశీలించి 2002లో తేల్చిన సంగతి ఒకటుంది: పత్రికలు ఎక్కువగా చదివే రాష్ట్రాల్లో పంట పోయినప్పుడు, వరదలొచ్చినప్పుడు ప్రభుత్వాలు తిండిగింజలూ సాయమూ ఎక్కువగా పంపాయి. అందులోనూ ప్రాంతీయ భాషా పత్రికల ప్రభావమే బలంగా కనిపించింది.

పార్టీల పక్షం వహించి పత్రికలే పరువు పోగొట్టుకున్నాయన్న నిందను మాత్రం కాదనలేం. ఏ పత్రిక ఎవరిదో ముందే తెలిసిన పాఠకుడు బకాయి వార్తనూ ఎత్తుగడగానే చూస్తాడు, నష్టపోయేది రైతు. అందుకే యాజమాన్యాలు ముందు మండల విలేకరికి నెలజీతం ఇవ్వాలి, ప్రకటనల భారం అతని నెత్తి నుంచి దించాలి. మనమూ పత్రిక కొనేటప్పుడు మన మండలం వార్త ఎక్కడని గట్టిగా అడగాలి.